మా పాత అంబాసిడరుతో రాయచూరు నుండి క్యాంపు దాకా

రాయచూరులో నన్ను పేరుతో ఎరిగినవారు తక్కువ. "అంబాసిడరు గుమాస్తా ఇల్లు ఎక్కడ?" అని అడిగితే మాత్రం స్టేషను దగ్గిరి ఆటోవాడు కూడ తీసుకువచ్చి మా గుమ్మంలో దింపుతాడు. నేను ఒక ప్రత్తి వ్యాపారి ఆఫీసులో లెక్కలు వ్రాసేవాడిని. మెట్రిక్‌తో చదువు ఆగింది. నాబోటి నెలజీతగాడికి కారు ఉండటమే ఒక వింత. ఉన్న కారు మ్యూజియంలో ఉండవలసినది కావడం ఇంకొక వింత.

ఆ కారు నేను కొన్నది కాదు. అది 1969 మోడలు. 1974లో మా నాన్నగారు రాయచూరులోని ఒక వర్తకుని వద్ద పాతదిగానే కొన్నారు. నేను పుట్టకముందే ఇంటికి వచ్చింది కనుక వరుసకు అది నాకు అక్క అవుతుంది. మా ఇంట్లో దానికి ఆ గౌరవం ఇప్పటికీ జరుగుతున్నది. దసరా పండుగనాడు ముందు దానికి పూజ, తరువాతే మాకు భోజనం.

చదువరులలో చాలమంది ఇళ్ళలో ఒకప్పుడు ఈ బండి ఉండే ఉంటుంది. లేకున్నా పెళ్ళివారితో కిక్కిరిసి ఇందులో ప్రయాణం చేయనివారు మన పెద్దలలో అరుదు. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనా తెచ్చి, కలకత్తా దగ్గిర ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్సువారు 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. కొత్త కారుకు డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచి ఉండవలసిన రోజుల్లో ఇది రాజు. మంత్రులకు ఇదే, కలెక్టర్లకు ఇదే, బాడుగకు ఇదే. 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీవారు "అంబాసిడర్" అనే పేరును 80 కోట్ల రూపాయలకు కొన్నారని పత్రికలో చదివి, మా ఆవిడ, "పేరుకే ఎనభై కోట్లయితే అసలు బండికి ఎంత రావాలి?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మళ్ళీ వస్తుందని నాకు తెలుసు.

ఇంట్లో స్కూటరు ఉన్నా, వారానికి మూడు నాలుగు రోజులు ఆఫీసుకు కారు తీస్తాను. పాత యంత్రం వాడితే అరుగుతుంది గాని నిలిపితే పాడైపోతుంది. కారు తీసిన రోజున నాకు దారిలో ఎదురయ్యేవారు మూడు తెగలు. మొదటి తెగవారు వెనుక నుండి హారను కొట్టేవారు. తీన్‌ఖందీల్ దగ్గిర మలుపు తిప్పడానికి ఆ స్టీరింగుతో నేను కుస్తీ పడుతుంటే వెనుక పది మోటారుసైకిళ్ళు, నాలుగు ఆటోలు కలిసి భజన చేస్తాయి. రెండవ తెగవారు బేరగాళ్ళు. "క్యా సాబ్, బేచ్తే క్యా?" అని కిటికీలో తల పెట్టి అడుగుతారు. మూడవ తెగవారు దండం పెట్టేవారు. ఒకసారి ఒక కొత్త పోలీసు కానిస్టేబులు నా తెల్ల అంబాసిడరును దూరం నుండి చూసి నిటారుగా నిలబడి సెల్యూటు కొట్టాడు. దగ్గిరకు వచ్చాక లోపల చెమటలు కక్కుతున్న గుమాస్తా మొహం చూసి చెయ్యి దించేందుకు సిగ్గుపడి, ఆ చేతితోనే టోపీ సవరించుకున్నాడు. నేనూ చూడనట్లు నటించాను.

ఈ మధ్య నాలుగవ తెగ ఒకటి పుట్టింది. పెళ్ళి కుదిరిన జంటలు ముందుగానే ఫోటోలు తీయించుకుంటున్నారు కదా! ఒక ఫోటోగ్రాఫరు వచ్చి, బానెట్టు మీద వధువును కూర్చోబెట్టుకుంటామని, గంటకు ఇంత ఇస్తామని అన్నాడు. పిల్లను కూర్చోబెట్టండి గాని హీలు చెప్పులు విప్పించండి అని చెప్పి, డబ్బు పుచ్చుకోలేదు.

ఇంకొక సంగతి కూడ గమనించాను. రాయచూరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఇక్కడ కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వీధి భాషలే. ఎదుటివాడు ఏ భాషవాడో పసికట్టి ఆ భాషలో మాట మొదలుపెట్టడం మా ఊరి మర్యాద. కారు ముందు మాత్రం ఆ మర్యాద ఎవరికీ గుర్తుండదు. ఎవరికి వారు తమ ఇంటి భాషలోనే మొదలుపెడతారు. "ఎష్టు వర్షద్దు రీ?" అని ఒకరు, "ఎన్నేండ్ల బండి సారూ?" అని ఒకరు. చిన్ననాటి వస్తువును చూసినప్పుడు చిన్ననాటి మాటే నోటికి వస్తుంది కాబోలు.

మా కోటలో లోపలి గోడలో 41 అడుగులకు పైబడిన ఒకే రాతిపలక ఉన్నది. గోన గన్నారెడ్డి అనుచరుడు విఠలుడు 1294లో ఈ కోట కట్టించిన సంగతి దానిమీద చెక్కి ఉన్నది. పక్కనే ఆ రాతిని బండిమీద వేసి, దున్నల బారు కట్టి లాగుతున్న బొమ్మ కూడ చెక్కారు. మా చిన్నమ్మాయి ఆ బొమ్మ చూసి, "ఆ రోజున వెనుక ఎవరు హారను కొట్టారు నాన్నా?" అని అడిగింది. అంత రాయి దారిలో పోతుంటే ఊరంతా పని మాని చూసి ఉంటారు. నెమ్మదిగా పోయే బండిని చూసి నిలబడటం ఈ ఊరికి ఏడువందల ఏండ్లనాటి అలవాటు.

ఇక అసలు కథకు వస్తాను. ఈ సంవత్సరం కారు రిజిస్ట్రేషను గడువు తీరవచ్చింది. పాత కార్లకు అయిదేండ్లకొకసారి మళ్ళీ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలుండిన ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయింది. 2025లో ఇరవై ఏండ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. రుసుము ఒక్కటే కాదు. బ్రేకులు, దీపాలు, పొగ అన్నీ సరిగా ఉండాలి. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. దాని దెబ్బకు పాతకాలపు రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతున్నాయి. మెకానిక్కు చెప్పిన లెక్క విని నేను లెక్కలు వ్రాసేవాడినని కూడ మరచిపోయాను.

రెండవ దారి ఒకటి ఉన్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వంవారు యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు "వింటేజి" అనే హోదా ఏర్పాటు చేశారు. 20,000 రూపాయలు కడితే "వీఏ" అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అది పదేండ్లు చెల్లుతుంది. మరల పొడిగించడానికి 5,000. చాల గౌరవమే. అయితే షరతు ఉన్నది. ఆ బండిని రోజువారీ పనులకు గాని బాడుగకు గాని వాడకూడదు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి.

మూడవ దారి అమ్మకం. బెంగుళూరి ఆసామి ఒకరు రెండున్నర లక్షలు ఇస్తానన్నారు. పెద్దమ్మాయిని కాలేజీలో చేర్పించవలసిన సంవత్సరం. మా ఆవిడ పాత ప్రశ్న మళ్ళీ అడిగింది. ఈసారి అందులో నవ్వు లేదు.

కారులో అన్నయ్యకూ భాగం ఉన్నది. అతడు సింధనూరు తాలూకాలో జవళగేర దగ్గిరి మా క్యాంపులోనే అమ్మతో ఉండి వ్యవసాయం చేస్తున్నాడు. అతడిని అడిగి తేల్చుకుందామని, ఏప్రిల్‌లో ఒక శనివారం నేను, మా ఆవిడ, చిన్నమ్మాయి కారులోనే బయలుదేరాము. పోయి వచ్చేటప్పటికి ఇదే ఆఖరి ప్రయాణం కావచ్చునని ముగ్గురికీ తెలుసు. ఎవరమూ అనలేదు.

రాయచూరు నుండి మాన్వి సుమారు 45 కిలోమీటర్లు. అక్కడి నుండి సింధనూరు ఇంచుమించు మరి అంతే. రాయచూరు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. తొమ్మిది గంటలకే బానెట్టు మీద అప్పడం కాల్చవచ్చును. కల్లూరు దాటేసరికి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇది పాత జబ్బే. ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపు పట్టు తప్పుతుంది. నేను దిగి బానెట్టు ఎత్తేలోగా, ఎదుటి టీ కొట్టులో నుండి తెల్ల గడ్డపు పెద్దమనిషి ఒకరు తడిగుడ్డ పట్టుకుని వచ్చారు. నన్ను ఏమీ అడగలేదు. గుడ్డను పెట్రోలు పంపుకు చుట్టి, పైన చెంబుతో నీళ్ళు పోసి, "దస్ మినిట్" అన్నారు.

ఆ పది నిమిషాలలో తెలిసింది, ఆయన ఒక ఆఫీసులో డ్రైవరుగా ముప్ఫై ఏండ్లు అంబాసిడరే నడిపి రిటైరైనారని. "చాచా, ఒకసారి కూర్చుంటారా?" అన్నాను. చెప్పులు బయట విడిచి లోపల కూర్చున్నారు. నడపలేదు, తాళం కూడ తిప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి రోడ్డు వంక చూస్తున్నారు. అప్పుడు ఆయన ఎడమకాలు తనంత తానే క్లచ్చి పక్కకు జరిగి, నేలమీది డిప్పు స్విచ్చిని టక్కుమని నొక్కింది. ఈ కారులో దీపాల ఎత్తు దించేది కాలితోనే. పట్టపగలు, దీపాలు లేవు, ఎదుట బండి లేదు. ఆయనే నవ్వి, "పాఁవ్‌కు యాద్ హై" అన్నారు. కాలికి జ్ఞాపకమున్నదట. టీ డబ్బులు ఇవ్వబోతే కొట్టువాడిని కళ్ళతోనే వారించారు.

నీర్‌మాన్వి బస్సు స్టాపు దగ్గిర ఒక ముసలమ్మ చెయ్యి ఎత్తింది. ఈ రోజుల్లో ఎరగని కారుకు ఎవరూ చెయ్యి ఎత్తరు. ఆపాను. ఆమె కారు ఎక్కలేదు. ముందుకు వెళ్ళి, పైనున్న ఇనుప కారియరు చూసి, తలుపు మీద చెయ్యి వేసి, "ఇదు క్యాంపిన కారు అల్లేను, తమ్మా?" అన్నది. క్యాంపువారి కారు కదా ఇది అని. నేను నాన్నగారి పేరు చెప్పగానే ఆ చెయ్యి తీసి కళ్ళకు అద్దుకున్నది.

కూతురి ఇంటికి వచ్చి తిరిగి పోతున్నదట. మా క్యాంపు పక్క పల్లె ఆమెది. వెనుక సీటులో మా ఆవిడ పక్కన కూర్చోబెట్టుకున్నాము. దారి పొడుగునా ఆమె కన్నడంలో చెప్పిన కథ ఇది. నలభై ఏండ్ల క్రిందట వానాకాలం రాత్రి ఆమెకు నొప్పులు వచ్చినవి. మంత్రసాని చేతులెత్తేసింది. మగడు లాంతరు పట్టుకుని కాలువగట్టు మీద పరుగెత్తి మా క్యాంపుకు వచ్చి తలుపు కొట్టాడు. నాన్నగారు పంచె సర్దుకుని అలాగే కారు తీశారు. గట్టు మీద బురదలో చక్రాలు దిగిపోతే ఎద్దులను కట్టి లాగించారు. తెల్లవారుజామున సింధనూరు ఆసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడు. వాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. "ఈ సీటుకు అప్పుడు ఎర్రగుడ్డ ఉండేది. నేను పాడు చేశాను. మీ నాన్న ఒక్క మాట అనలేదు" అని ఆమె సీటు తడిమింది. మా చిన్నమ్మాయి కాస్త పక్కకు జరిగి, తాను కూర్చున్న చోటు చూసుకున్నది.

మాన్వి జగన్నాథదాసుల ఊరు. అక్కడి నుండి దారి రంగు మారుతుంది. అప్పటిదాకా ప్రత్తి, కంది పండే నల్లరేగడి నేల. తరువాత తుంగభద్ర ఎడమకాలువ క్రింది వరిమడులు. డ్యాము 1953లో పూర్తయింది. 227 కిలోమీటర్ల ఈ కాలువ వస్తున్నదని తెలిసి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలవారు వచ్చి ఇక్కడ నేలలు కొన్నారు. అక్కడ ఒక ఎకరం అమ్మినవారికి ఇక్కడ అనేక ఎకరాలు వచ్చినవి. గుడిసెలు వేసుకున్న చోట్లకు క్యాంపులని పేరు పడింది. గుడిసెలు పోయి మేడలు వచ్చినా ఆ పేరు మారలేదు. మా తాతగారు అలా వచ్చినవారే. మన చదువరులలో ఎందరికో ఇది ఇంటి కథే.

రెండవ పంట కోతలు జరుగుతున్నవి. రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉన్నారు. కోతమిషన్ల వెనుక మెల్లగా నడుపుతూ పోత్నాళ్ చేరి, మండాళు వగ్గరణి, మిరపకాయ బజ్జీల కోసం ఒక హోటలు ముందు వేపచెట్టు క్రింద ఆపాను. క్షణంలో పిల్లలు చేరారు. హోటలు యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చి మోడలు అడిగాడు. ఇద్దరు కుర్రవాళ్ళు ఫోనుల్లో ఫోటోలు తీశారు. నాకు ఇదంతా అలవాటే. అలవాటైన గర్వం కూడ కొంత కలిగింది.

చెట్టు క్రింది బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తలపాగా, చేతికర్ర. ఆయన లేవలేదు. కారును మొదటి నుండి చివరి దాకా చూశాడు. "ఏ క్యాంపు?" అన్నాడు. చెప్పాను. చాలసేపు ఊరుకుని, కోపం లేకుండా, ఎవరో పొద్దు ఎంతైందో చెప్పినట్లు అన్నాడు:

"నమ్మ హొల హోతు, నిమ్మ కారు బంతు."

మా పొలం పోయింది, మీ కారు వచ్చింది.

ఫోటోలు తీసే కుర్రవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన తండ్రి వానమీద పండే నేల ఎకరం ఇంత అని క్యాంపువారికి అమ్మాడట. కాలువ నీళ్ళు వస్తే ఆ నేల ఏమవుతుందో తెలియదు, తెలిసినా మడులు కట్టడానికి డబ్బు లేదు. మిగిలిన నాలుగెకరాలు కాలువ చివరన ఉన్నవి. పైనున్న మడులు తడిసి తడిసి తనదాకా వచ్చేటప్పటికి కాలువలో తుమ్మముళ్ళే మిగులుతాయని చెప్పాడు. నేను ఏమి చెప్పగలను? కొన్నాము, డబ్బు ఇచ్చాము, కాగితం ఉన్నది, చెమటోడ్చాము. ఇవన్నీ నిజాలే. నోటిదాకా వచ్చినవి. కాని ఆయన కాగితం సంగతి అడగలేదు కదా! కారు ఎలా వచ్చిందో తనకు తెలిసిన లెక్క చెప్పాడు. లెక్కలు వ్రాసేవాడిని గనుక నాకు అది అర్థమైంది. ఒకే పద్దు, రెండు పుస్తకాలు. మా పుస్తకంలో జమ, ఆయన పుస్తకంలో ఖర్చు.

అజ్జి మధ్యలో మాట్లాడుతుందేమో, ఎర్రసీటు కథ చెప్పి ఆయన నోరు మూయిస్తుందేమో అని ఆశపడ్డాను. ఆమె బజ్జీ తింటూ మౌనంగా కూర్చున్నది. తన పల్లె దగ్గిర దిగేటప్పుడు మాత్రం అన్నది: "అతను అబద్ధం చెప్పలేదు తమ్మా. నేనూ అబద్ధం చెప్పలేదు."

క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అమ్మ ఎప్పటివలె ముందు కారు వంక చూసి, తరువాత మా వంక చూసింది. భోజనాలైన తరువాత అన్నయ్య ముందు మూడు దారులూ పెట్టాను. రుసుములు, మరమ్మతు ఖర్చు, బెంగుళూరువారి బేరం అన్నీ కాగితం మీద వ్రాసి చూపించాను. అన్నయ్య వింటేజి నంబరు సంగతి విని ముచ్చటపడ్డాడు. "వరండాకు షెడ్డు దించి అందులో పెడదాం. పండుగకు పబ్బానికి తీయవచ్చు" అన్నాడు.

అప్పుడు పోత్నాళ్ సంగతి చెప్పాను. అన్నయ్య ముఖం చిన్నబోయింది. "ఇంకా ఆ మాటలేనా? డెబ్బై ఏండ్లయింది" అన్నాడు. అమ్మ మంచం మీద నుండి లేచి కూర్చున్నది. "మీ నాన్న ముందు కూడ అన్నారురా. ఒకసారి కాదు" అన్నది. "కారు కొన్న కొత్తలో రాత్రుళ్ళు ఎవరు వచ్చి తలుపు కొట్టినా తీసుకుపోతుంటే నేను పోట్లాడేదాన్ని. పెట్రోలు డబ్బులైనా పుచ్చుకోమనేదాన్ని. ఆయన, వాళ్ళ నేల పండిస్తే వచ్చిన కారే ఇది, వాళ్ళు రమ్మంటే పోవాలి అనేవారు. ఇంక నేను అడగడం మానేశాను."

ఈ మాట నేనూ అన్నయ్యా అంతకుముందు వినలేదు. నాన్నగారు దయగల మనిషి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాము. ఆ దయలో ఇంత లెక్క ఉన్నదని తెలియదు. తెలిసిన తరువాత ఆయన నాకు తగ్గలేదు. పెరిగారు.

ఆ సాయంకాలం హైదరాబాదులో చూసిన ఒక కారు జ్ఞాపకం వచ్చింది. చౌమహల్లా ప్యాలెసులో నిజాము వారి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఉన్నది, 1912 నాటిది. తళతళ మెరుస్తున్నది. ముందు జనం నిలబడి ఫోటోలు తీసుకుని పోతున్నారు. ఎవరూ దానిని ఏమీ అడగరు. ఎవరూ దానికి ఏమీ చెప్పరు. మా కారును షెడ్డులో పెడితే దానికీ అదే గతి. చాచా కాలు ఏ స్విచ్చిని నొక్కుతుంది? అజ్జి దేనికి చెయ్యి ఎత్తుతుంది? పోత్నాళ్ ముసలాయన తన లెక్క ఎవరికి చెప్పుకుంటాడు? దారిలో నడిచే బండికే కదా దారివాళ్ళు మాట చెప్పేది. మంచి మాటలు వినడానికి మాత్రమే రోడ్డెక్కుతానంటే కుదరదు.

ఇదంతా నేను ఇంత చక్కగా చెప్పలేదు. "మామూలు రిజిస్ట్రేషనే పొడిగిద్దాం అన్నయ్యా" అన్నాను, అంతే. అన్నయ్య కాసేపు ఆలోచించి, ఖర్చులో సగం తనదన్నాడు. మా ఆవిడ వంటింట్లో నుండి, "మరి అమ్మాయి ఫీజు?" అన్నది. అదీ న్యాయమైన ప్రశ్నే. ఆఫీసులో అప్పు అడుగుతానన్నాను. అడిగాను కూడ. ఇప్పుడు నెలనెలా జీతంలో కోస్తున్నారు. ఈ వ్యాసం చదివి ఎవరైనా పాత కారు ఉంచుకోవాలని ఉత్సాహపడితే ఈ సంగతి కూడ గుర్తుంచుకోవాలని మనవి.

మరునాడు తిరుగు ప్రయాణం. పోత్నాళ్ దగ్గిర కారు నెమ్మది చేశాను. ముసలాయన అదే చెట్టు క్రింద చేతిసంచితో నిలబడి ఉన్నాడు. బస్సు కోసమని తెలుస్తున్నది. ఆపి, "ఎక్కడికి, యజమానరే?" అన్నాను. "మాన్వి" అన్నాడు. ముందు తలుపు తీశాను. ఆయన నన్ను, కారును, రోడ్డును చూసి, కర్ర ముందు లోపల పెట్టి తరువాత తాను ఎక్కాడు.

మాన్వి దాకా ఒక్క మాట లేదు. నేనూ నాన్నగారి మాట ఆయనకు చెప్పలేదు. చెబితే బాకీ తీరిందనిపించుకోవడానికి చెప్పినట్లుంటుంది. కిటికీలో నుండి వరిమడులు చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట మాత్రం కొంచెం ముందుకు వంగి, కాలువ అవతల ఒక మడిని మెడ తిప్పి తిప్పి కనుమరుగయ్యేదాకా చూశాడు. నేను కారు నెమ్మది చేశాను.

మాన్విలో దిగి తలుపు వేశాడు. అంబాసిడరు తలుపు మొదటిసారి పడదు. మళ్ళీ తీసి, ఈసారి గట్టిగా వేశాడు. ఆ చప్పుడు విని, తలుపు మీద ఒకసారి చరిచి, "బాగిల గట్టి ఐతి" అన్నాడు. తలుపు గట్టిదే అని. అంతే అని సంతలోకి నడిచిపోయాడు.

పది రోజుల తరువాత పరీక్షకు కారు తీసుకుపోయాను. ఎడమ దీపం ఒకటి వెలగక ఒకసారి తిప్పి పంపారు. రెండవసారి సరిపోయింది. అయిదేండ్లకు పొడిగించారు. ఈ గడువు తీరేటప్పటికి నాకు యాభై దాటుతుంది, కారుకు అరవై దాటుతుంది. అప్పటి మాట అప్పుడు. అందాకా తీన్‌ఖందీల్ దగ్గిర నా వెనుక హారను కొట్టేవారందరూ దయచేసి ఇంకొంచెం ఓపిక పట్టవలసినదిగా కోరుతున్నాను.